అంతియొకయలో పంక్తిభేదము

1871వ సంవత్సరమున యెరూషలేములో క్లెర్మో గానో అను ఫ్రెంచి పండితుడు ఒక శిలాఫలకమును కనుగొనెను. దానిపై గ్రీకు భాషలో ఏడు పంక్తుల శాసనము చెక్కబడియున్నది. పరజాతివాడెవ్వడును దేవాలయము చుట్టునున్న అడ్డుగోడను దాటి లోనికి పోరాదనియు, పోయి పట్టువడినవాడు తన చావునకు తానే కారకుడగుననియు దాని తాత్పర్యము. ఆ శిల నేడు ఇస్తాంబూలు నగరమునందలి పురావస్తుశాలలో భద్రముగా నున్నది. క్రీస్తుశకము మొదటి శతాబ్దికి చెందిన యూద చరిత్రకారుడు జోసీఫసు ఈ అడ్డుగోడను కన్నులార చూచినవాడు. అది మూడు మూరల యెత్తున నుండెననియు, దానిపై నడుమనడుమ గ్రీకు, లాటిను భాషలలో ఇట్టి హెచ్చరికలు నిలుపబడియుండెననియు అతడు వ్రాసెను. 70వ సంవత్సరమున రోమను సైన్యములు ఆ దేవాలయమును నేలమట్టము చేసినవి. గోడ పోయినది, హెచ్చరిక మిగిలినది.

మూడు మూరల గోడ యనగా మనుష్యుని రొమ్మెత్తు గోడ. ఇవతల నిలిచినవానికి అవతల జరుగునది కనబడుచునే యుండును. అడుగు పెట్టుటకు మాత్రము వీలులేదు. క్రైస్తవ మతము పుట్టిన తొలి ముప్పది నలువది యేండ్లలో దాని ననుసరించినవారిని మిక్కిలి కలచివైచిన ప్రశ్న ఇట్టి గోడను గూర్చినదే. దేవుని రక్షణ యూదులకు మాత్రమేనా, అన్యజనులకును కలదా? కలదేని, అన్యజనుడు మొదట యూదుడై పిమ్మట క్రీస్తును చేరవలెనా? లేక ఉన్నవాడు ఉన్నట్లే రావచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము గ్రంథములలో తేలుటకు ముందు భోజనపు బల్లయొద్ద తేలవలసివచ్చెను.

గోడకు లోపలివారు

గోడను నిందించుటకు ముందు దాని లోపలివారి కథ వినుట న్యాయము. యూదులు మహాసామ్రాజ్యముల నడుమ నలిగిన చిన్న జాతి. క్రీస్తుపూర్వము 167వ సంవత్సర ప్రాంతమున సిరియా నేలిన అంతియొకసు ఎపిఫనీసు అను రాజు వారి ధర్మశాస్త్రమును నిషేధించెను. బిడ్డలకు సున్నతి చేయించిన తల్లులు చంపబడిరనియు, పందిమాంసమును నోట పెట్టుటకంటె మరణమే మేలని తలచిన వృద్ధులు ప్రాణములు విడిచిరనియు మక్కబీయుల గ్రంథములు చెప్పుచున్నవి. సున్నతి, విశ్రాంతిదినము, ఆహారనియమము అను ఈ మూడును వారికి వట్టి ఆచారములు కావు. రక్తము చిందించి నిలుపుకొన్న గుర్తులు. వీనిని విడిచినచో తాము ఒక జాతిగా మిగులమని వారికి తెలియును.

అట్లని పరజాతులందరు నశింపవలసినవారే యని యూదధర్మము చెప్పినదనుట పొరపాటు. దేవాలయపు వెలుపలి ఆవరణమున సర్వజనులకును ప్రవేశము కలదు. సమస్త జనములు దేవుని పర్వతమునకు తరలివచ్చు దినమొకటి కలదని యెషయా ప్రవక్త గ్రంథము ఆశించినది. నీనెవె వంటి శత్రునగరమును గూడ దేవుడు కనికరించెనని యోనా గ్రంథము చెప్పినది. తరువాతి కాలపు రబ్బీల సంకలనమగు తోసెఫ్తాలో ఈ విషయముపై ఒక వాదము కలదు. రానున్న లోకమున పరజాతులకు పాలు లేదని రబ్బీ ఎలియేజరు వాదించెను. పరజాతులలోని నీతిమంతులకు పాలు కలదని రబ్బీ యెహోషువ బదులు చెప్పెను. యూద సంప్రదాయమున చివరకు నిలిచినది యెహోషువ మాటయే.

ఇక్కడ రెండు మాటల సంగతి విద్యార్థులు గమనింపవలెను. మన తెలుగు బైబిలులో 'అన్యజనులు' అని యున్నచోట హీబ్రూలో 'గోయీం' అనియు, గ్రీకులో 'ఎత్నే' అనియు ఉండును. ఆ రెండు మాటలకు మూలార్థము 'జనములు', 'జాతులు' అని మాత్రమే. 'అన్య' యను విశేషణము మన అనువాదకులు చేర్చినది. అర్థమును బట్టి అది తప్పు కాదు గాని, ఆ మాట పలుకువాడు తాను నడుమ నిలిచి ఎదుటివానిని వెలుపల నిలుపుచున్నాడని మరువరాదు. అట్లే 'రక్షణ' యను మాట. జన్మపరంపరనుండి విడుదలయను అర్థమున మనము వాడు మోక్షశబ్దమునకు అది సమానము కాదు. గ్రీకు 'సోతేరియ'కు ఆపదనుండి కాపాడుట, క్షేమముగా నుంచుట యని యర్థము. కావున 'ఎవరికి రక్షణ?' అను ప్రశ్నలో 'దేవుని సంరక్షణలోనున్న కుటుంబమునకు ఎవరు చేరుదురు?' అను ప్రశ్నయు ఇమిడియున్నది. కుటుంబ మనగానే భోజనపు బంతి వచ్చును.

ఒక భోజనము, ఒక తగవు

యేసు యూదుడు, ఆయన శిష్యులు యూదులు. ఇశ్రాయేలునకు వాగ్దానము చేయబడిన అభిషిక్తుడు ఆయనయే యని నమ్మిన తొలి విశ్వాసులు దేవాలయమునకు పోవుచునే యుండిరి. తాము క్రొత్త మతమును స్థాపించుచున్నామన్న తలంపు వారికి లేదు. మొదటి కదలిక పేతురునకు కలిగినట్లు అపొస్తలుల కార్యముల గ్రంథము చెప్పును. యొప్పేలో ఒక చర్మకారుని యింట నుండగా, నిషిద్ధములగు జంతువులతో నిండిన దుప్పటి వంటిది ఆకాశమునుండి దిగుట అతనికి దర్శనమాయెను. చంపి తినుమను ఆజ్ఞ వినబడెను. ఇది ముమ్మారు జరిగెను. అంతలో కైసరయనుండి కొర్నేలి యను రోమను శతాధిపతి పంపిన మనుష్యులు వాకిట నిలిచిరి. పేతురు పోయి పరజాతివాని గడప త్రొక్కెను. అతడు తిరిగి యెరూషలేమునకు రాగా అచ్చటివారు అడిగిన మొదటి ప్రశ్న ఉపదేశమును గూర్చి కాదు. సున్నతి లేనివారితో కలిసి ఏల భుజించితివని వారు నిలదీసిరి.

తార్సు పట్టణమున పుట్టిన పౌలు ఈ ప్రశ్నను ఇంకను ముందునకు త్రోసెను. సున్నతి పొందని గ్రీకులు వందలకొలది విశ్వాసులగుచుండగా కొందరు యూద విశ్వాసులు అభ్యంతరపడిరి. సుమారు 49వ సంవత్సరమున యెరూషలేములో పెద్దలు సమావేశమైరి. పేతురు, యేసునకు సహోదరుడగు యాకోబు, పౌలు, బర్నబా అందుండిరి. అన్యజనులకు సున్నతి అక్కరలేదని తీర్మానమాయెను. విగ్రహములకు అర్పించినవి, రక్తము, గొంతు పిసికి చంపినది, జారత్వము అను నాలుగింటిని వారు విసర్జింపవలెనని కార్యముల గ్రంథమున కలదు. పౌలు మాత్రము గలతీయులకు వ్రాసిన లేఖలో ఈ నాలుగు నియమములను చెప్పడు. బీదలను జ్ఞాపకముంచుకొనుడని మాత్రమే పెద్దలు తన్ను కోరిరనును. తనతో వచ్చిన గ్రీకు యువకుడు తీతునకు సున్నతి చేయింపవలెనని వచ్చిన ఒత్తిడికి ఒక్క గడియయైనను లొంగలేదని చెప్పుకొనును. అదే పౌలు, యూదురాలి కుమారుడగు తిమోతికి తానే సున్నతి చేయించినట్లు కార్యముల గ్రంథము చెప్పుచున్నది. దీనినిబట్టి చూడగా పౌలు ఎదిరించినది ఆచారమును కాదు. ఆ యాచారమును రక్షణకు వెలగా అడుగుటను.

తీర్మానము జరిగినంత మాత్రమున తగవు తీరలేదు. ఒరొంటీసు నదీతీరమునగల అంతియొకయ సిరియాకు రాజధాని, రోమను సామ్రాజ్యపు మహానగరములలో నొకటి. యేసు శిష్యులకు క్రైస్తవులన్న పేరు మొదట వచ్చినది అక్కడనే. అచ్చట యూద విశ్వాసులును గ్రీకు విశ్వాసులును ఒక్క బల్లయొద్ద భుజించుచుండిరి. పేతురు అక్కడికి వచ్చి వారితో కలిసి భుజించెను. కొంతకాలమునకు యాకోబు నొద్దనుండి కొందరు వచ్చిరి. వారు వచ్చిన పిమ్మట పేతురు మెల్లగా వెనుకకు తీసెను. వేరుగా కూర్చుండ నారంభించెను. అతనిని చూచి తక్కిన యూద విశ్వాసులును లేచిరి. అన్యజనుల నడుమ పౌలుతో ఊరూర తిరిగి పనిచేసిన బర్నబా సయితము లేచి పోయెను.

మన భాషలో దీనికి సరియైన పేరు కలదు: పంక్తిభేదము. పేతురు ఎవరిని గాని దుర్భాషలాడలేదు. మీకు రక్షణ లేదని ఉపదేశింపలేదు. బల్లయొద్దనుండి లేచెను, అంతియే. కాని అంతవరకు ప్రక్కన కూర్చుండిన గ్రీకువానికి ఆ లేచుటయే బోధయైనది. నేను కూడ లోపలివాడనే యని నమ్మి వచ్చిన వానికి మరల రొమ్మెత్తు గోడ ఎదుటనే కనబడినది. పౌలు అందరి యెదుటను పేతురును గద్దించెను. యూదుడవైన నీవే అన్యజనునివలె బ్రదుకుచు, అన్యజనులను యూదులు కమ్మని ఏల నిర్బంధింతువని అతని ప్రశ్నలోని సారము.

పేతురు ఏమని బదులు చెప్పెనో పౌలు వ్రాయలేదు. తానే గెలిచితినని కూడ వ్రాయలేదు. ఈ మౌనము తరువాతివారిని చాల కాలము వేధించెను. నాలుగవ శతాబ్ది చివరను ఐదవ శతాబ్ది మొదటను జెరోము, అగస్తీను అను మహాపండితులిరువురు దీనిని గూర్చి ఉత్తరములలో వాదించుకొనిరి. ఇద్దరపొస్తలులును లోకమునకు పాఠము చెప్పుటకై కలహము నటించిరని జెరోము మతము. అట్లనినచో పవిత్రగ్రంథమున అబద్ధమున్నదని ఒప్పుకొనినట్లగును; పేతురు నిజముగనే తప్పెను, పౌలు నిజముగనే దిద్దెను అని అగస్తీను మతము. పెద్దలు తప్పుదురా యన్న ప్రశ్న ఏ కాలమునందైనను చిన్నది కాదు.

తన వాదమునకు పౌలు ఆధారముగా గైకొన్నది అబ్రాహాము కథను. ఆదికాండమున అబ్రాహాము దేవుని నమ్మెననియు, అది అతనికి నీతిగా ఎంచబడెననియు మొదట వచ్చును. అతడు సున్నతి పొందుట అటుపిమ్మట వచ్చును. కావున సున్నతి లేనివానికిని అబ్రాహాము తండ్రియే యని పౌలు తర్కించెను. చిత్రమేమనగా యాకోబు పేరుతోనున్న లేఖ అదే అబ్రాహామును చూపి, క్రియలు లేని విశ్వాసము నిష్ప్రయోజనమని వాదించును. ఒకే కథ, రెండు తాత్పర్యములు. ఈ రెండు లేఖలను తొలి సంఘము ఒక్క గ్రంథముననే ఉంచినది.

అడవి ఒలీవ కొమ్మ

ఇంతవరకు అన్యజనుల పక్షమున వాదించిన పౌలు కొన్ని యేండ్లకు మరియొక ప్రమాదమును చూచెను. క్లౌదియ చక్రవర్తి కాలమున, సుమారు 49లో, యూదులు రోము నగరమునుండి వెడలగొట్టబడిరి. 54లో అతడు మరణించిన పిమ్మట పలువురు తిరిగివచ్చిరి. ఈ నడుమ రోములోని క్రైస్తవ సంఘములు అన్యజనుల చేతిలోనికి వచ్చెననియు, మరలివచ్చిన యూద విశ్వాసులకు అచ్చట మునుపటి గౌరవము దక్కలేదనియు పండితులు పలువురు ఊహించుచున్నారు. సుమారు 57వ సంవత్సరమున కొరింథునుండి పౌలు రోమీయులకు వ్రాసిన లేఖను ఈ వెలుగున చదువవలెను.

ఆ లేఖ తొమ్మిదవ అధ్యాయము మొదలు పదునొకండవ అధ్యాయము వరకు అతని స్వరము మారును. తన స్వజనుల కొరకు తానే శాపగ్రస్తుడైనను మేలని అతడు దుఃఖించును. పిమ్మట ఒక తోట చిత్రమును చూపును. ఇశ్రాయేలు మంచి ఒలీవచెట్టు. దాని కొమ్మలు కొన్ని విరువబడినవి. అడవి ఒలీవ కొమ్మ యొకటి తెచ్చి ఆ చెట్టునకు అంటుకట్టబడినది. ఆ అడవికొమ్మయే అన్యజనులు. కొమ్మ వేరును భరించుట లేదు, వేరే కొమ్మను భరించుచున్నది. కావున గర్వింపకుడని పౌలు వారిని హెచ్చరించును. విరిగిన కొమ్మలను దేవుడు మరల తమ సొంతచెట్టునకు కట్టగలడనియు, ఇశ్రాయేలు అంతయు రక్షింపబడుననియు అతని నమ్మకము.

తోటపని తెలిసినవారు ఇందులోని విపరీతమును వెంటనే గుర్తింతురు. తోటమాలి మంచిజాతి కొమ్మను నాటుచెట్టునకు కట్టునే గాని అడవికొమ్మను మంచిచెట్టునకు కట్టడు. పౌలునకును ఇది తెలియును. ప్రకృతికి విరుద్ధముగా కట్టబడితిరని అతడే చెప్పును. అన్యజనులు పొందినది వారి మంచితనమునకు దక్కిన ఫలము కాదు, వట్టి కృప యని ఆ విపరీతమే తెలుపుచున్నది.

తెలుగున 'అంటు' అను మాటకు రెండర్థములు కలవు. ముట్టుట వలన కలుగు మైలను అంటు అందురు. ఒక చెట్టు కొమ్మను వేరొక చెట్టునకు అతికి బ్రదికించుటను గూడ అంటు అనియే అందురు. గ్రీకులో వ్రాసిన పౌలునకు ఈ శ్లేష తెలియదు. అయినను అతని జీవితకాలపు పోరాటము ఈ రెండర్థముల నడుమనే సాగినది. అంతియొకయలో పేతురు వెరచినది మొదటి అంటునకు. పౌలు రోమీయులకు చూపినది రెండవ అంటును.

అన్యజనుల సంఘములలో చందాలెత్తి, ఆ ధనమును యెరూషలేములోని బీదలకు అందజేయుటకై పౌలు స్వయముగా బయలుదేరెను. వెనుక పెద్దలతో చేసిన ఒడంబడిక అది. అచ్చట దేవాలయమున అతడు పట్టువడెను. త్రోఫిము అను ఎఫెసువాసిని, ఒక గ్రీకువానిని, అడ్డుగోడ దాటించి లోనికి తెచ్చెనని జనులు ఆరోపించిరి. ఆ యారోపణ నిజము కాదనియు, వారిరువురిని పట్టణమున కలిసి చూచినవారు అట్లు తలచిరనియు కార్యముల గ్రంథము చెప్పును. రెండు జనములను ఒక్కటి చేయ పూనినవాడు, ఏడు పంక్తుల శాసనము నిలిచిన ఆ గోడయొద్దనే బంధితుడై, చివరకు సంకెళ్లతో రోము చేరెను.

తలక్రిందులైన ప్రశ్న

70లో దేవాలయము కూలెను. 135లో బార్ కోఖ్బా తిరుగుబాటు అణగినపిమ్మట హడ్రియను చక్రవర్తి యూదులను యెరూషలేమున అడుగిడనీయలేదు. క్రైస్తవులలో అన్యజనులదే పెద్దసంఖ్య యాయెను. అప్పుడు ప్రశ్నయే తలక్రిందులైనది. రెండవ శతాబ్ది నడుమ యుస్తీను అను క్రైస్తవ పండితుడు త్రిఫో యను యూదునితో జరిగిన సంవాదముగా ఒక గ్రంథము వ్రాసెను. అందు త్రిఫో అడుగును: యేసును నమ్మి, మోషే ధర్మమును గూడ పాటించు యూదుడు రక్షింపబడునా? ఇతరులను నిర్బంధింపనియెడల రక్షింపబడునని నా తలంపు, కాని అట్టివారితో మాటయు పొత్తును కూడదను క్రైస్తవులును కలరని యుస్తీను ఒప్పుకొనును. నూరేండ్లు గడచునప్పటికి ద్వారమున నిలిచి ప్రవేశము వేడవలసిన వంతు యూదునిదాయెను. యుస్తీను మృదువుగా బదులు చెప్పెను గాని, నిజమైన ఇశ్రాయేలు ఇక మేమే యని వాదించినవాడును అతడే.

మార్కియోను అనునతడు ఇంకను సాహసించి, యూదుల దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అని చెప్పి హీబ్రూ గ్రంథములను మొత్తము త్రోసివేసెను. 144లో రోములోని సంఘము అతనిని వెలివేసినది. వేరును నరికి కొమ్మను నిలుపజూచిన వాదమును అది అంగీకరింపలేదు. కాని వేరును గ్రంథమున నిలుపుకొని, ఆ వేరునుండి పుట్టిన ప్రజను దూరము చేయుట మానలేదు.

386, 387 సంవత్సరములలో మరల అదే అంతియొకయ. క్రైస్తవులు కొందరు యూదుల పండుగలకు వారి సమాజమందిరములకు పోవుచుండిరి. అచ్చట ప్రమాణములు చేయుచుండిరి. దానిని మాన్పుటకై గొప్ప వక్తయగు జాన్ క్రిసోస్తము ఎనిమిది ప్రసంగములు చేసెను. అందు యూదులపై అతడు కురిపించిన నిందలు చదువుటకే కష్టముగా నుండును. సామాన్యులు కలిసి కూర్చుండగోరిరి, పెద్దవారు లేపిరి. మూడు శతాబ్దులకు పైగా గడచిన పిమ్మట అదే నగరమున, లేపువారును లేపబడువారును తారుమారైరి. ఆ ప్రసంగములు తరువాతి యుగములలో యూదద్వేషులకు ఆయుధములైనవి.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున నాజీలు యూరపులో సుమారు 60 లక్షల యూదులను సంహరించిరి. ఆ ఘోరము పిమ్మట క్రైస్తవ సంఘములు తమ బోధను తాము పరీక్షించుకొనవలసివచ్చెను. 1965 అక్టోబరు 28న రెండవ వాటికను మహాసభ ఒక ప్రకటన వెలువరించినది. యేసు మరణమునకు ఆనాటి యూదులందరిని గాని నేటి యూదులను గాని బాధ్యులను చేయరాదని అందు చెప్పబడినది. తన పోషణ ఆ మంచి ఒలీవచెట్టు వేరునుండియే వచ్చుచున్నదని కతోలిక సంఘము అందు స్మరించుకొన్నది. పౌలు లేఖ వ్రాసి అప్పటికి పందొమ్మిది వందల యేండ్లు గడచెను.

ఈ చరిత్రను తరగతిలో చెప్పునప్పుడు, యూదులు గోడ కట్టిరి, క్రైస్తవులు పడగొట్టిరి అని ముగించుట సులభము. అది సగము సత్యము. లోపలివాడు వెలుపలివానికి చోటిచ్చుట ఒక పరీక్ష. పౌలు, పేతురు, యాకోబు ఎంత కలహించుకొన్నను తమ జీవితకాలముననే ఆ పరీక్షకు నిలిచిరి. వారు యూదులై యుండి పరులకు తలుపు తెరచిరి. పిమ్మట లోనికి వచ్చినవాడు తనకు తలుపు తీసినవానిని మరువకుండుట రెండవ పరీక్ష. ఇది కష్టతరమని ఆ తరువాతి శతాబ్దులు తెలుపుచున్నవి. పౌలు రోమీయులకు వ్రాసినప్పుడు ఆ రెండవ పరీక్ష ఇంకను రాలేదు. అయినను కొమ్మ గర్వించునని అతడు ముందే యెరిగెను. అంతియొకయలో బర్నబా కూడ లేచిపోవుట చూచినవాడు గదా!